నాన్నగారి కాంటెస్సాకు అప్పు చేయాలా?

ప్రశ్న: మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. వయసు 46. నేనూ మా ఆవిడా కలిసి నెలకు రూ.85,000 ఇంటికి తెస్తాం. ఇంటి లోను ఈఎంఐ రూ.14,000, మిగతా ఇంటి ఖర్చు రూ.30,000. ఎఫ్‌డీ రూ.4 లక్షలు ఉంది. మూడేళ్ల క్రితం పోయిన మా నాన్నగారి కాంటెస్సా డీజిల్ కారులో రోజూ కాలేజీకి వెళ్లొస్తాను. 2001 మోడల్, ఏపీ 30 నంబరు, ఆర్‌సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. దాని గడువు ఈ ఏడాది చివరికి తీరుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతుంది, లీటరుకు 12 ఇస్తుంది. బరంపురం మెకానిక్ రూ.1.8 లక్షలు పెడితే మరో పదేళ్లు చూసుకోనక్కర్లేదంటున్నాడు. ఇందులో ఇంజిన్, పంపు, క్లచ్, బ్రేకులు, టైర్లకు రూ.75,000, మిగతాది టింకరింగ్, పెయింటు, ఏసీ, సీట్లకు. పర్సనల్ లోను 14 శాతానికి వస్తోంది. మా బావమరిది మాత్రం తుక్కుకు అమ్మేసి కొత్తది కొనమంటున్నాడు. అమ్మాయి ప్లస్ టూలో ఉంది, వచ్చే ఏడాది ఇంజినీరింగ్. ఏం చేయమంటారు?

జవాబు: కారు ఉంచుకోండి, రోజూ నడపండి. లోను మాత్రం తీసుకోవద్దు. అయితే రిపేరు సంగతి కంటే ముందు మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం మాట్లాడాలి. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదే.

ఆర్‌సీ పోయినవారి పేరు మీద ఉంటే బీమా కూడా ఆ పేరు మీదే ఉండి ఉంటుంది. యజమాని చనిపోయిన తర్వాత ఆ పాలసీ మూడు నెలలు, లేదా గడువు తీరేదాకా, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. ఆ మూడు నెలల్లోపే వారసుడు తన పేరుకు మార్చుకోవాలి. మీరు మూడేళ్లుగా ఏటా ప్రీమియం కడుతున్నా, రేపు టెక్కలి రోడ్డులో ఎవరికైనా దెబ్బ తగిలితే కంపెనీ మొదట పట్టుకునేది ఈ లొసుగునే. ప్రమాద కేసులు విచారించే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది. ఆ భారం మీ ఎఫ్‌డీ మీదా ఇంటి మీదా పడితే కోలుకోవడం కష్టం. ఇంజిన్ పోతే పోయేది వేలల్లో. ఇక్కడ తేడా వస్తే మాత్రం సంసారమే తలకిందులవుతుంది. అందుకే కాగితాలు సరయ్యేదాకా కారు ఇంట్లోనే ఉండాలి. నిష్ఠూరంగా అనిపించినా ఈ మాట మాత్రం గట్టిగానే చెబుతాను.

పని రెండు రాష్ట్రాల మధ్య ఉంది కాబట్టి కాస్త తిరగాలి. మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితాలతో యాజమాన్య మార్పుకు ఫారం 31 పెట్టాలి. కారు పన్నెండు నెలలకు మించి ఒడిశాలోనే ఉంటోంది కనుక ఏపీ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకుని ఇక్కడి నంబరు తీసుకోవాలి. ఒడిశాలో పన్ను కూడా కట్టాల్సి వస్తుంది. ఎంతవుతుందో పర్లాకిమిడి ఆర్టీఓ ఆఫీసులో ముందే లెక్క వేయించుకోండి. ఇక రిజిస్ట్రేషన్ రెన్యువల్: గడువుకు అరవై రోజుల ముందు నుంచి ఫారం 25 తీసుకుంటారు, బండిని ఫిట్‌నెస్‌కు చూపించాలి, పాసైతే మరో ఐదేళ్లు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో ఈ రెన్యువల్ ఫీజును రూ.10,000 చేశారు, జీఎస్టీ అదనం. గడువు దాటితే నెలకు రూ.500 చొప్పున జరిమానా పడుతుంది. పదేళ్లు దాటిన డీజిల్ కారు తిప్పకూడదని ఎవరైనా భయపెడితే, ఆ గొడవ దిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలది. గజపతి జిల్లాకు అది వర్తించదు. వింటేజ్ నంబరు తీసుకోమని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. దానికి యాభై ఏళ్లు నిండాలి, పైగా ఆ నంబరుతో రోజువారీగా తిప్పకూడదు.

బీమా మీ పేరుకు మారాక థర్డ్ పార్టీ, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి కవర్, తప్పనిసరి. 1500 సీసీ దాటిన కారు కనుక ఏడాదికి రూ.7,897, జీఎస్టీ కలిపితే తొమ్మిది వేల మూడొందలు దాటుతుంది. సొంత నష్టానికి కవర్ తీసుకునే ముందు ఐడీవీ, అంటే కంపెనీ మీ కారుకు కట్టే విలువ, ఎంత ఇస్తున్నారో చూడండి. ఉదాహరణకు రూ.70,000 ఇచ్చారనుకుందాం. రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే రూ.52,500 దాటితే బండిని టోటల్ లాస్ కింద రాసేస్తారు. కాంటెస్సా ముందు భాగం గట్టిగా తగిలితే ఆ అంకె దాటడం ఎంతసేపు? చిన్న దెబ్బలకైనా పదేళ్లు దాటిన బండి కాబట్టి ఇనుప భాగాలకు సగం, రబ్బరు, ప్లాస్టిక్‌కు సగం కోసేస్తారు. అయినా 2018లో తిత్లీ తుఫాను మీ ప్రాంతాన్ని ఎలా ముంచిందో మీకు నేను చెప్పాలా? వరద నష్టం ఈ కవర్‌లోనే వస్తుంది. మంచి ఐడీవీకి ఒప్పుకునే కంపెనీ దొరికితే తీసుకోండి. లేకపోతే ఆ ప్రీమియం రిపేర్ల ఖాతాలో వేసుకోండి.

ఇప్పుడు ఆ రూ.1.8 లక్షలు. మూడేళ్లకు 14 శాతం లోను అంటే నెలకు రూ.6,150, వడ్డీ ఒక్కటే రూ.41,000 పైన. ఏడు శాతమైనా ఇవ్వని ఎఫ్‌డీ పక్కన పెట్టుకుని పద్నాలుగుకు అప్పు చేయడం చేతి చమురు వదిలించుకోవడమే. మీ ఇంటికి ఆరు నెలల అవసరం, ఈఎంఐతో కలిపి, సుమారు రూ.2.7 లక్షలు. దాన్ని ముట్టుకోకూడదు. పైన ఉన్న రూ.1.3 లక్షల్లోంచి ఇంజిన్, బ్రేకుల పనికి రూ.75,000, స్పేర్ పార్టులకు రూ.25,000, కాగితాలకు రూ.30,000. పెయింటు, సీట్లు, ఏసీ తర్వాత ఎప్పుడైనా చూసుకోవచ్చు.

మెకానిక్ చేతిలో ఒక్క రూపాయి పెట్టేముందు కారును ర్యాంపు ఎక్కించండి. కాంటెస్సాకు జీపులా విడిగా చాసిస్ ఉండదు, బాడీయే ఆధారం. స్క్రూడ్రైవర్ మొనతో ఫ్లోరు, డోర్ల కింది పట్టీలు, జాకీ పెట్టే చోట్లు గట్టిగా పొడిచి చూడమనండి. పెయింటు పెచ్చు ఊడి కింద గట్టి ఇనుము తగిలితే సరే. మొన లోపలికి దిగి ఎర్రటి పొడి రాలితే, ముఖ్యంగా వెనక స్ప్రింగులు బిగించిన దగ్గర, ఆ రూ.75,000 ఇంజిన్ మీద పెట్టకండి. అలాంటి బండిని రోజువారీ ప్రయాణానికి నమ్ముకోకూడదు.

బాడీ బాగుంటే మిగతాది మీకు అనుకూలమే. మీది రెండు లీటర్ల ఇసుజు ఇంజినే అయి ఉంటుంది, అంబాసిడర్‌లోనూ అదే వచ్చింది. కాంటెస్సా 2002లోనే ఆగిపోయినా, అంబాసిడర్ 2014 దాకా ఉత్తర్‌పాడాలో తయారైంది. అందువల్ల ఇంజిన్ సామాను ఇప్పటికీ దొరుకుతుంది. పలాసలో హావ్‌డా రైలెక్కితే, కార్ల సామాను అమ్మే కోల్‌కతా మల్లిక్‌బజార్‌కు ఒక్క ప్రయాణం. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, హెడ్ గాస్కెట్, క్లచ్ ప్లేటు, హీటర్ ప్లగ్గులు, రేడియేటర్ పైపులు ఒకేసారి తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో తెలియకపోతే ముందు అదే మార్పించండి. అది నడుస్తుండగా తెగితే వాల్వులు వంగి హెడ్డు పని పడుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అద్దాలు, వెనక లైట్లు, డోరు రబ్బర్లు మాత్రం ఈ కారువే. కనబడ్డప్పుడే కొనాలి.

కొత్త కారు లెక్క కూడా నిజాయతీగా చూద్దాం. తొమ్మిది లక్షల పెట్రోలు కారుకు రెండు లక్షలు చేతి నుంచి పెట్టి, ఏడు లక్షలు 9 శాతానికి ఏడేళ్లు తీసుకుంటే ఈఎంఐ రూ.11,260. లీటరుకు 18 చొప్పున పెట్రోలు రూ.11,400, బీమా, సర్వీసుకు మూడు వేలు. మొత్తం దాదాపు రూ.25,700. మీ కాంటెస్సాకు డీజిల్ రూ.15,800, రిపేర్లకు ఐదు వేలు, బీమాకు ఎనిమిది వందలు: రూ.21,600. మీరనుకున్నంత తేడా లేదు, నెలకు నాలుగు వేలే. మీ ఊరి నుంచి టెక్కలి మీదుగా నౌపడకు వెళ్లే గుణుపురం లైను ఉంది, పాతపట్నంలో బస్సులున్నాయి. క్లాసుల వేళలు కుదిరిన రోజుల్లో, నెలకు ఎనిమిది రోజులు వాటిలో వెళ్లినా డీజిల్ మీదే ఐదు వేలు మిగులుతాయి. కారుకూ విశ్రాంతి, అది షెడ్డులో ఉన్న రోజున కాలేజీకి సెలవు పెట్టే పనీ ఉండదు. ఆ మిగులు అమ్మాయి ఫీజు ఖాతాలోకి వెళ్లాలి. కొత్త కారుకు రెండు లక్షలు తీస్తే ఇంజినీరింగ్ మొదటి ఏడాదే మీ ఎఫ్‌డీ సగమైపోతుంది. బావమరిది చెప్పినదానికి నేను ఒప్పుకోనిది అందుకే.

రిపేర్ల ఐదు వేలు విడిగా ఒక ఆర్‌డీలో వేయండి. ఏడాదికి అరవై వేలు. ఆ ఖాతా ఖాళీ అయి ఎఫ్‌డీ మీద చేయి పడే రోజు వస్తే, అప్పుడు కాంటెస్సాను రోజువారీ పని నుంచి తప్పించి, సెకండ్ హ్యాండ్ చిన్న కారు చూడండి. తుక్కుకే ఇవ్వాల్సి వచ్చినా ఇనుము వ్యాపారికి ఇవ్వకండి. ప్రభుత్వ గుర్తింపున్న స్క్రాపింగ్ కేంద్రానికిచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. దానితో కొత్త సొంత కారు పన్నులో 25 శాతం దాకా రాయితీకి వీలుంది, ఆర్‌సీ కూడా పద్ధతిగా రద్దవుతుంది.