ఆ బోడి ఎలుక మన చేలోకి వస్తుందా?

ప్రశ్న: వెంట్రుకల్లేని ఎలుక వీడియో ఒకటి మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. ఆఫ్రికాదట, ముప్పై ఏళ్లు బతుకుతుందట, గాలి ఆడకపోయినా చావదట. ఉన్న ఎలుకలే మా వరి గట్లు తొలిచేస్తున్నాయి, ఇదీ వస్తే మా గతేంటండీ?
– ఓ రైతు, అమలాపురం దగ్గర

జవాబు: ఆ టెన్షన్ పెట్టుకోకండి, రాదు. దాన్ని నేకెడ్ మోల్ రాట్ అంటారు. ఇథియోపియా, కెన్యా, సోమాలియాల్లో వానలు తక్కువపడే గట్టి నేలల్లో ఉంటుంది, కాలువ నీళ్లు నిలబడే మన డెల్టా చేలల్లో దాని సొరంగాలు మునిగిపోతాయి. భూమిలోని దుంపలే దానికి తిండి, నీళ్లూ వాటిలోంచే.

నన్నడిగితే వీడియోలో చూపించాల్సింది దాని కాపురం. ఒక్కో గుంపులో మామూలుగా 70, 80 ఉంటాయి, 300 దాకా ఉన్నవీ దొరికాయి, కానీ పిల్లల్ని కనేది మాత్రం ఒకే ఒక్క రాణి, ఈతకు సగటున డజను, ఒక్కోసారి పాతిక పైనే. మిగతావి తవ్వకం, కాపలా, పిల్లల పెంపకం చూసుకుంటాయి. రాణి చచ్చిపోతే ఆ స్థానం కోసం ఆడవి చచ్చేలా కొట్టుకుంటాయి. తేనెటీగల్లాంటి ఈ ఏర్పాటు పాలిచ్చే జంతువులో ఉందని జెన్నిఫర్ జార్విస్ అనే జంతుశాస్త్రవేత్త 1981లో రాసేదాకా శాస్త్రవేత్తలకే తెలియదు. ఇలా ఎందుకంటే, అక్కడ దుంపలు ఎక్కడో ఒకటి ఉంటాయి, వానకి నేల మెత్తబడిన కొద్దిరోజుల్లోనే ఎక్కువ దూరం తవ్వి వాటిని పట్టుకోవాలి, ఒంటరిగా తవ్వేది ఆకలితో పోతుంది. పెద్ద దుంప దొరికితే లోపల కొంత తిని, మిగిలింది మళ్లీ పెరిగేలా వదిలేస్తాయి, అలా ఒక్క దుంపే గుంపుకి నెలల తరబడి సరిపోతుంది. తవ్వేది పళ్లతోనే, అవి పెదవులకి బయట ఉంటాయి కాబట్టి మూతి మూసుకునే తవ్వగలదు, నోట్లోకి మట్టి పోదు.

వయసు మాట నిజమే, మనుషుల పెంపకంలో 30 ఏళ్లు దాటినవి ఉన్నాయి. గాలి సంగతి సగమే నిజం: ఆక్సిజన్ బొత్తిగా లేకుండా 18 నిమిషాలు ఉంచితే స్పృహ తప్పి, గాలి తగలగానే కోలుకున్నాయని 2017లో తేల్చారు. అంతే తప్ప చావులేని జీవి కాదు. దీనికి క్యాన్సర్ రానే రాదని కూడా చెబుతుంటారు, అదీ తప్పే, చాలా అరుదు, అంతే.

మీ గట్లు తొలిచేవి మన ఊరి ఎలుకలే. గట్టు సన్నగా చెక్కించండి, మందు గానీ ఎలుకల్ని పట్టే బుట్టలు గానీ ఆయకట్టు రైతులంతా ఒకే రోజున పెట్టండి, ఒక్కరే పెడితే పక్క చేలోవి వారంలో మళ్లీ దిగుతాయి.