వెడల్పు టైర్ల కోసం 650బి చక్రాలు కొనాలా?

ప్రశ్న: నా గ్రావెల్ బైక్‌కి (మట్టి, కంకర దారుల సైకిల్) 700సి చక్రాలు, 38 మి.మీ. టైర్లు ఉన్నాయి. రాళ్ల దారిలో కుదుపు ఎక్కువ. కాస్త చిన్నవైన 650బి చక్రాలకి మారాలా?

ముందు ఫ్రేమ్‌లో ఎంత చోటుందో చూడండి. టైరుకి రెండు పక్కలా కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి, బురద దారులైతే ఇంకాస్త. 42 లేదా 45 మి.మీ. టైరు పడుతుందంటే కొత్త చక్రాల ఖర్చు దండగ, టైర్లు మారిస్తే చాలు. టైరు మీద రాసిన అంకెను మాత్రం పూర్తిగా నమ్మొద్దు. రిమ్ లోపలి వెడల్పు పెరిగేకొద్దీ అదే టైరు ఇంకొంచెం ఉబ్బుతుంది. 40-45 టైర్లకి 23-25 మి.మీ. రిమ్ బాగా కుదురుతుంది.

ఫ్రేమ్‌లో అంత చోటు లేనప్పుడే 650బి గురించి ఆలోచించాలి, అదీ డిస్క్ బ్రేకులుంటేనే. టైరు కూర్చునే చోట 700సి రిమ్ వ్యాసం 622 మి.మీ., 650బిది 584. అంటే 47 టైరు వేసినా మొత్తం వ్యాసం 678 దగ్గరే ఆగుతుంది. మీ 38 టైరుతో ఇప్పుడున్నది 698. బైక్ సుమారు 10 మి.మీ. కిందికి దిగుతుంది. మలుపులో పెడల్ నేలకి తగిలే అవకాశం పెరుగుతుంది, ఇది చాలామంది కొన్నాకే గమనిస్తారు.

అసలు మీ కుదుపుకి కారణం గాలి ఎక్కువ కొట్టడమే కావచ్చు. ట్యూబ్‌లెస్ చేసి, 75 కిలోల మనిషైతే 35 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి రెండేసి తగ్గిస్తూ చూడండి. రాయికి రిమ్ తగిలిన చప్పుడు వినిపిస్తే మళ్లీ కాస్త పెంచండి. హుక్‌లెస్ రిమ్ (టైరుని పట్టి ఉంచే కొక్కెం లాంటి అంచు లేనిది) అయితే టైరు దానికి సరిపడేదో కాదో చూసే కొనండి.