చలేస్తే చెప్పు, అమ్మలూ

అమ్మలూ,

ఈస్టర్ సెలవుల్లో, మునిగిపోయిన జేమ్స్ ఈగన్ లేన్ ఓడ చూడ్డానికి డైవ్ చేస్తున్నావని మీ అన్నయ్య చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు. భీమిలి ఒడ్డున నీళ్లు మోకాలు దాటితే నా చొక్కా పట్టుకుని ఏడ్చిన పిల్లవి, ఇంగ్లండ్‌లో ప్లిమత్ పక్కన సముద్రం అడుక్కి వెళ్తానంటున్నావు! గర్వంగానే ఉందమ్మా. భయం ఇంకా ఎక్కువగా ఉంది.

1945 మార్చిలో జర్మన్ జలాంతర్గామి టార్పెడోతో కొడితే, ఆ ఓడని విట్‌సాండ్ బే దాకా లాక్కొచ్చారు. అక్కడే అడుక్కి చేరింది. అమెరికా సైన్యం సామాను మోస్తున్న లిబర్టీ ఓడ అది, అంటే యుద్ధం కోసం అమెరికా వరసపెట్టి కట్టిన సరుకు ఓడల్లో ఒకటి. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. "20 మీటర్లేగా" అంటారు నీ స్నేహితులు. ఆ లోతులో గాలి పైనకంటే మూడింతలు ఖర్చవుతుంది. సిలిండర్లో గాలెంతుందో గేజ్ చూసుకుంటూ ఉండు, జతగా దిగిన బడ్డీని వదలకు, పైకి మెల్లగా రా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగు. ఇవన్నీ నేర్పే ఉంటారు. ఓడ లోపలికి మాత్రం దూరకు, ఆ ఇనుము తుప్పుపట్టి రాలిపోతోంది. ఇత్తడి ముక్క దొరికినా తేవద్దు. తెస్తే 28 రోజుల్లోగా రిసీవర్ ఆఫ్ రెక్‌కి, అంటే మునిగిన ఓడల సామాను లెక్క చూసే ప్రభుత్వాధికారికి, చెప్పి తీరాలి, అది అక్కడి చట్టం.

అసలు సంగతి చలి. ఏప్రిల్లో ఆ నీళ్లు 10 డిగ్రీల దగ్గరే ఉంటాయి. చాలా ఏళ్ల క్రితం అదే ఓడ దగ్గర ఒక కుర్రాడు నాతో దిగాడు. నీళ్లు లోపలికి రాకుండా, లోపల గాలి ఉండే అతని డ్రై సూట్ మణికట్టు దగ్గర లీకై, దిగగానే చేతిలోకి నీళ్లు పాకాయి. బోటు డబ్బులు అందరూ కట్టారు కదా, తన వల్ల ఆగిపోకూడదని నోరు మెదపలేదు. నేను అడిగినప్పుడల్లా "ఓకే" అని సైగ చేశాడు. ఓడలో సరుకు పెట్టే ఖాళీ హోల్డ్‌ల మీదుగా చూసుకుంటూ వెళ్లాం. తిరిగి పైకి వస్తుంటే సూట్లో గాలి వ్యాకోచించింది. భుజం మీది వాల్వ్ తిప్పి వదలాలి. వేళ్లు మొద్దుబారి తిప్పలేకపోయాడు. సూట్ ఉబ్బింది, కాళ్లు పైకి లేచాయి, మనిషి పైకి దూసుకుపోబోయాడు. పట్టీ పట్టి కిందకి లాగి, వాల్వ్ నేనే తిప్పాను. బోట్లో కూర్చున్నాక పెదాలు నీలంగా, "మొదట్నించీ చలేస్తూనే ఉంది సార్" అన్నాడు. కోపమూ జాలీ రెండూ వచ్చాయి నాకు.

నువ్వూ అంతే. చిన్నప్పుడు జ్వరం 103 ఉన్నా పరీక్ష పోతుందని అమ్మకి చెప్పలేదు. చేతులు వణికితే ఇక చూసింది చాలనుకో. సైగ చేసి పైకి వచ్చెయ్. ఒక్క డైవ్ కోసం ఎవరి ముందూ గట్టిదానిలా ఉండక్కర్లేదు, తల్లీ. ఆ ఓడ ఎక్కడికీ పోదు.

డ్రై సూట్ అద్దెకి తెస్తున్నావా? మణికట్టు, మెడ రబ్బర్లు వెలుతురులో సాగదీసి చూడు. ముందు స్విమ్మింగ్ పూల్లో వేసుకుని, వాల్వ్ తిప్పడం గ్లవ్స్‌తోనే అలవాటు చేసుకో. ఆదివారం ఫోన్ చేస్తాను, ఎలా ఉందో చెప్పు. మీ అమ్మకి నేనింకా చెప్పలేదు, అది నువ్వే చెప్పాలి.

మామయ్య