న్యూ ఫారెస్ట్ రోడ్ల మీద తిరిగే గుర్రాలకు ఏమైనా పెట్టొచ్చా?

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో మీ అబ్బాయి దగ్గరకు వచ్చినప్పుడు ఆ పక్కనే ఉన్న న్యూ ఫారెస్ట్ అడవి చూశామని, అక్కడి పోనీ గుర్రాలు వానలో దిక్కులేనట్టు తిరుగుతున్నాయని, కొన్నిటికి పక్కటెముకలు కూడా కనిపించాయని రాశారు. ఈసారి క్యారెట్లు, అరటిపళ్లు పట్టుకెళ్లొచ్చా అని అడిగారు. వద్దండీ. 2023 జూలై నుంచి అక్కడ గుర్రాలకు, గాడిదలకు తిండి పెట్టడం నిషేధం. పెడితే 100 పౌండ్ల జరిమానా పడొచ్చు.

అసలు అవి దిక్కులేనివి కావు. అచ్చోసిన ఆంబోతుల్లా వదిలేసినట్టు కనిపిస్తాయి గానీ ప్రతి గుర్రానికీ యజమాని ఉన్నాడు. ఆ అడవిలో పశువులను మేపుకునే హక్కు ఉన్నవాళ్లను కామనర్లు అంటారు. ఏటా రుసుము కట్టి గుర్రాలను వదులుతారు. ఈ మేపు హక్కుల వ్యవహారాలు చూసే వాళ్లను వెర్డరర్లు అంటారు. వాళ్ల కింద పనిచేసే అజిస్టర్లు అడవంతా తిరుగుతూ వాటిని కనిపెట్టుకుని ఉంటారు. ఈసారి తోకలు గమనించండి, వెంట్రుకలు ఒక తీరుగా కత్తిరించి ఉంటాయి. రుసుము కట్టారని, ఏ అజిస్టర్ పరిధిలోదని దానికి గుర్తు.

పక్కటెముకల సంగతికొస్తే, చలికాలం చివర్లో, ముఖ్యంగా పిల్లకు పాలిచ్చిన ఆడ గుర్రాలు కొంత చిక్కుతాయి. గడ్డి లేనప్పుడు గోర్స్ ముళ్లపొదలు, హాలీ ఆకులు తిని నెట్టుకొస్తాయి. మరీ చిక్కిపోయిందనుకుంటే అజిస్టరే యజమానికి చెప్పి ఇంటికి తోలుకెళ్లమంటాడు. వాన గురించి దిగులు వద్దు. ఆ జాతికి చలికాలంలో దట్టంగా బొచ్చు పెరుగుతుంది, గాలికి వీపు తిప్పి నిలబడతాయి. చూసే మనకే పాపం అనిపిస్తుంది.

నేను ఆ అడవి అంచు ఊళ్లోనే ఉంటాను. మావాళ్లు ఇండియా నుంచి వస్తే ముందు అడిగేది ఇదే. ఆవుకు అరటిపండు పెట్టి దణ్ణం పెట్టుకునే అలవాటు మనది, చేయి ఊరుకోదు. కానీ గుర్రం వాంతి చేసుకోలేదు. పడని తిండి లోపలికి పోతే కోలిక్ అనే కడుపునొప్పితో ప్రాణం మీదకు వస్తుంది. లాన్ కోసిన పచ్చగడ్డి తెచ్చి కుప్ప పోసేవాళ్లూ ఉన్నారు, అది కడుపులో పులిసి ఇంకా ప్రమాదం. పైగా చేతి తిండి మరిగిన గుర్రం మేత మానేసి కార్ పార్కుల దగ్గరే కాపు కాస్తుంది. ఒకసారి ఒక కుటుంబం చిప్స్ తింటుంటే కారు కిటికీలోంచి తల లోపలికే పెట్టేసింది. వెనక సీట్లో పిల్లల ఏడుపు! ఇలాంటివి కరుస్తాయి, తంతాయి, రోడ్డు మీదకూ వస్తాయి.

రోడ్డే అసలు గండం. కంచెలేని రోడ్ల మీద వేగం గంటకు 40 మైళ్లు దాటకూడదు. గుద్దేది టూరిస్టులే అనుకుంటాం గానీ, ఎక్కువగా రోజూ ఆ దారిన పోయే మాలాంటివాళ్లే, అదీ చీకటి పడ్డాక. మెడకు మెరిసే పట్టీలు కడుతున్నారు, అయినా నల్లటి గుర్రం పక్కకు తిరిగి నిలబడితే దగ్గరకొచ్చేదాకా కనపడదు. నవంబర్‌లో ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు నేను 30 దాటను. వెనక కారువాడు లైట్లు కొడితే కొట్టుకోనీ. మీ అబ్బాయికి ఈ మాట గట్టిగా చెప్పండి.

మందను అదుపులో ఉంచే పద్ధతి నాకు బాగా నచ్చింది. మగ గుర్రాలను కొన్నిటినే ఎంచి, ఏడాదిలో కొన్ని వారాలే అడవిలోకి వదులుతారు. దాంతో పిల్లలు తక్కువ పుడతాయి, పుట్టినవీ గడ్డి ఉన్న రోజుల్లోనే పుడతాయి. శరదృతువులో పందులను వదిలేదీ గుర్రాల మేలు కోసమే. రాలిన పచ్చి ఓక్ కాయలు గుర్రాలకు, ఆవులకు విషం, పందులకు ఇష్టమైన తిండి.

పిల్ల గుర్రం కాళ్లు చాపి పడుకుని ఉంటే చాలాసార్లు అది నిద్రే. దూరం నుంచి కాసేపు చూడండి, దగ్గరకెళితే తల్లి తన్నొచ్చు. నిజంగా గాయమైతే వెర్డరర్ల ఆఫీసుకు ఫోన్ చేయండి. కారు తగిలితే పోలీసులకు చెప్పి తీరాలి, అది చట్టం.

ఆగస్టు చివరి నుంచి నవంబర్ మధ్యలో వస్తే డ్రిఫ్ట్ చూసే వీలుంటుంది. కామనర్లు, అజిస్టర్లు గుర్రాలెక్కి మందలను దొడ్లలోకి తోలి, ఆరోగ్యం చూసి, తోకలు కత్తిరించేది అప్పుడే. మంద పరుగు మీద వస్తుంది కాబట్టి దారికి అడ్డంగా ఫోన్ పట్టుకుని నిలబడొద్దు.