మనుషులు చంద్రుడి మీద దిగడానికి ముందు, అపోలో 9 భూమి చుట్టూనే ఎందుకు తిరిగింది?

1968 డిసెంబరులోనే అపోలో 8 చంద్రుణ్ణి చుట్టి వచ్చింది కదా, మరి 1969 మార్చిలో అపోలో 9 మళ్లీ భూకక్ష్యకే ఎందుకు పరిమితమైందని అనుమానం రావచ్చు. కారణం లూనార్ మాడ్యూల్, అంటే చంద్రుడి మీద దిగడానికి చేసిన వాహనం. అపోలో 8 నాటికి అది సిద్ధం కాలేదు. మనుషులు దాన్ని అంతరిక్షంలో నడిపింది తొలిసారిగా అపోలో 9లోనే.

ఆ వాహనానికి ఉష్ణకవచం లేదు, అందులో భూమికి దిగడం కుదరదు. (సీట్లూ లేవు, నిలబడే నడపాలి.) అలాంటి దాంట్లో మార్చి 7న వ్యోమగాములు మెక్‌డివిట్, ష్వైకార్ట్ కమాండ్ మాడ్యూల్ (భూమికి తిరిగి దిగే ప్రధాన నౌక) నుంచి విడిపోయి దాదాపు 180 కిలోమీటర్ల దూరం వెళ్లారు. దిగడానికి వాడే ఇంజిను మండించి చూశారు. కింది భాగాన్ని వదిలేసి, పై ఇంజినుతో తిరిగొచ్చి, సుమారు ఆరు గంటల తర్వాత మళ్లీ జతకలిశారు. ఇంజిను మొరాయిస్తే, కమాండ్ మాడ్యూల్‌లో ఉండిపోయిన మూడో వ్యోమగామి స్కాట్ దానితో ఎదురెళ్లి వాళ్లను కాపాడాలని ఏర్పాటు. భూకక్ష్య నుంచి ఇల్లు చేరడం గంటల పని. చంద్రుడి దగ్గర నుంచైతే దాదాపు మూడు రోజులు. అందుకే ముందు భూమి దగ్గరే పరీక్షించారు.

ఇంకో సంగతి: ష్వైకార్ట్‌కి వాంతులు పట్టుకోవడంతో అంతరిక్ష నడకను బాగా కుదించారు. అయినా వీపుకి తగిలించుకునే ప్రాణవాయువు సంచి పనిచేస్తుందని తేలింది. నా దృష్టిలో, మనుషుల్ని తొలిసారి చంద్రుడి మీద దించిన అపోలో 11కి అసలైన పునాది ఈ పదిరోజుల యాత్రే. మే నెలలో అపోలో 10 అదే తరహా వాహనాన్ని చంద్రుడి ఉపరితలానికి దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తు దాకా తీసుకెళ్లింది.