చలికాలం మూడు నెలలు కారు గరాజ్‌లో వదిలేసి ఇండియా వెళ్లొచ్చా?

డిసెంబర్‌లో బయల్దేరి సంక్రాంతి చూసుకుని మార్చిలో వస్తాం, మిన్నెసోటా చలికి కారు ఏమవుతుంది అని అడిగారు కదా. వదిలేయొచ్చండి, కాకపోతే ముందు బ్యాటరీ సంగతి చూడండి, అన్నిటికంటే ముందు చచ్చేది అదే. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 40లో కూడా గడ్డకట్టదు, అదే పూర్తిగా దిగిపోయిందంటే సున్నా సెల్సియస్ కంటే కొద్ది డిగ్రీలు కిందకే లోపల ఐస్ కట్టి డబ్బా పగిలిపోవచ్చు. గరాజ్‌లో ప్లగ్ ఉంటే బ్యాటరీ మెయింటైనర్ (ఛార్జ్ దిగిపోకుండా కొద్దికొద్దిగా ఎక్కించే ఛార్జర్) తగిలించేయండి, లేదంటే నెగటివ్ కేబుల్ పీకేసి వెళ్లండి.

ట్యాంక్ నింపి, పెట్రోల్ పాడవకుండా కలిపే ఫ్యూయల్ స్టెబిలైజర్ పోసి ఓ పది నిమిషాలు నడిపితే అది ఇంజిన్ దాకా వెళ్తుంది. టైర్లలో గాలి సరిచూసుకోండి, చలికి ఎలాగూ తగ్గుతుంది. హ్యాండ్‌బ్రేక్ మాత్రం వేయొద్దు, పట్టేస్తుంది, చక్రాల కింద చెక్కముక్కలు పెట్టండి చాలు.

చాలామంది ఫ్రెండ్‌కి తాళాలిచ్చి వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేయమంటారు, దానికంటే ముట్టుకోకపోవడమే మేలు, ఇంజిన్ సరిగా వేడెక్కక సైలెన్సర్‌లో తేమ మిగిలిపోతుంది.

ఆ, ఎలకలు! నేనోసారి గ్లవ్‌బాక్స్‌లో పల్లీచిక్కీ మర్చిపోయి వెళ్లా, వచ్చేసరికి క్యాబిన్ ఫిల్టర్ మీద గూడు కట్టుకుని కాపురం పెట్టేశాయి.