"మీ దగ్గరే ఊరుకుంటుంది అత్తయ్యా"

ప్రశ్న: మా కోడలికి కాన్పయి 7 వారాలు. పాప ఆరోగ్యంగా ఉంది, కోడలే అదోలా ఉంటోంది. తిండి సరిగ్గా తినదు. పాప నిద్రపోయినా తను కళ్లు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకుంటుంది. పాప ఏడిస్తే గుమ్మం పట్టుకుని నిలబడిపోతుంది. నేనే పరుగెత్తి ఎత్తుకుంటాను. "మీ దగ్గరే ఊరుకుంటుంది అత్తయ్యా" అంటుంది. చూడటానికి వచ్చినవాళ్లు తలా ఒక మాట చెప్పి వెళుతున్నారు. మావాడేమో అది బద్ధకమనీ, డాక్టరు దాకా వెళితే పిచ్చిదని ముద్ర పడుతుందనీ అంటాడు. ఆ అమ్మాయికి తల్లి లేదు, రెండేళ్ల కిందట పోయింది. నేను ముగ్గురిని పెంచాను, మా రోజుల్లో ఇవేవీ లేవు. మొన్న ఏదో మాటల్లో "నేను లేకపోతేనే పాప బాగా పెరుగుతుంది" అంది. విసుగులో అని ఉంటుంది. ఇది బద్ధకమా, జబ్బా? నేనేం చెయ్యాలి?

- ఒక అత్తగారు

జవాబు: అమ్మా, ఉత్తరం చివర్లో మామూలుగా రాసేసిన ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. విసుగులో వచ్చిందే కావచ్చు. కానీ పసిబిడ్డ తల్లి నోట "నేను లేకపోతే" అన్న మాట వచ్చిందంటే, అదేమిటో తేలేదాకా మిగతావన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఈరోజే, మీరిద్దరే ఉన్నప్పుడు, పక్కన కూర్చుని సూటిగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అనే అడగండి, డొంకతిరుగుడు వద్దు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. అలా పుట్టదు. అడిగే మనిషి దొరికినందుకు ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. అవునన్నా, జవాబివ్వకుండా మొహం తిప్పుకున్నా, ఆమెను ఒంటరిగా వదలకండి. ఆరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాదన్నా సరే, ఈ వారం దాటకుండా డాక్టరును కలవాలి.

క్షణం ఆగకూడని సందర్భం ఇంకొకటుంది. నిద్రే అక్కర్లేనట్టు రోజుల తరబడి తిరగడం, లేని గొంతులు వినపడటం, పాపకు ఎవరో హాని తలపెట్టారని ఎంత చెప్పినా వినకుండా నమ్మడం. వీటిని ప్రసవానంతర సైకోసిస్ అంటారు. 1,000 కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది, అదీ ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. మీరు రాసినదాంట్లో అవేవీ నాకు కనబడలేదు. అయినా తెలిసి ఉండాలి.

ఇక బద్ధకం సంగతి. బద్ధకమే అయితే పాప పడుకోగానే తనూ హాయిగా పడుకునేది కదా! పడుకునే వీలుండి కూడా నిద్ర పట్టకపోవడం డిప్రెషన్‌లో మేం తరచూ చూసే గుర్తు. తేల్చాల్సింది డాక్టరే అయినా, మీరు చెప్పినవన్నీ అటే చూపిస్తున్నాయి. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో కారణం లేకుండా ఏడుపు రావడం సగానికి పైగా తల్లులకు ఉండేదే, రెండు వారాల్లో అదే సర్దుకుంటుంది. 7 వారాలకూ సర్దుకోలేదంటే ఇది ఆ ఏడుపు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాన్పయినవాళ్లలో దాదాపు 13 శాతం మంది మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారు. గర్భంలో తారస్థాయికి పెరిగిన ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు కాన్పు కాగానే ఒక్కసారిగా పడిపోతాయి. దానికి నిద్రలేమి, రక్తం తగ్గడం తోడవుతాయి. మీ రోజుల్లోనూ ఇవి ఉండేవమ్మా. మొండిదనో, పొగరుబోతనో ఏదో ఒక పేరు పెట్టి ఆ పిల్లను అలాగే వదిలేసేవాళ్లు.

"మీ దగ్గరే ఊరుకుంటుంది అత్తయ్యా" అన్న మాట మీకు మెచ్చుకోలుగా వినిపించినట్టుంది. నాకలా అనిపించలేదు. తన వల్ల కాదని ఆ అమ్మాయి తీర్మానించేసుకుంటోంది. మీరు ప్రేమతోనే పరుగెత్తి ఎత్తుకుంటున్నారు, కానీ ఎత్తుకున్న ప్రతిసారీ ఆ తీర్మానానికి మీరే సాక్ష్యం చెబుతున్నారు. ఈసారి పాప ఏడ్చినప్పుడు ఆమెతో కలిసి గదిలోకి వెళ్లండి. పాపను ఆమె భుజాన వెయ్యండి, మెడ కింద మీ చెయ్యి కాసేపు ఆసరాగా ఉంచి తీసేయండి. పాప వెంటనే ఊరుకోదు. పది నిమిషాలు పట్టవచ్చు, మీ చేతులు ఊరుకోనంటాయి. అయినా అందుకోకండి, పక్కనే ఉండండి. ఊరుకున్నాక "చూశావా, నీ గొంతు గుర్తుపట్టింది" అనండి. అబద్ధం కాదు, పుట్టిన పిల్లలు తల్లి గొంతు నిజంగానే గుర్తుపడతారు. ఒకవేళ ఆమె నా వల్ల కాదంటే మాత్రం పట్టుబట్టవద్దు, అప్పుడు మీరే ఎత్తుకోండి.

మరి మీరు అందుకోవాల్సినవి ఏమిటంటే, పాప చుట్టూ ఉన్న పనులన్నీ. వంట, బట్టలు, ఫోన్లకు జవాబులు. అన్నిటికన్నా ముఖ్యం రాత్రి. ఆమెకు ఏకబిగిన నాలుగైదు గంటల నిద్ర దొరికే ఏర్పాటు చెయ్యండి. ముందే పిండి ఉంచిన పాలు ఒక పూటకు మీ అబ్బాయి పట్టవచ్చు. అది కుదరకపోతే పాపను ఆమె దగ్గరికి తెచ్చి, పాలు తాగాక తీసుకెళ్లి తేన్పించడం, గుడ్డలు మార్చడం, నిద్రపుచ్చడం ఆయన పనే. ఇది నిక్కచ్చిగా చెప్పండి, తల్లి మాట కాబట్టి వింటాడు. అలాగే అతన్ని కూడా ఒకసారి గమనించండి. ఈ నెలల్లో తండ్రులకూ డిప్రెషన్ వస్తుంది, వాళ్లలో అది చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది.

చూడవచ్చేవాళ్ల సంగతి. పాలు చాలట్లేదా, పిల్ల చిక్కిందేం అని అడిగేవాళ్లను ముందుగదిలోనే కూర్చోబెట్టి పంపించేయండి, ఆ అధికారం ఇంట్లో మీకే ఉంది. మర్యాద తక్కువైందని అనుకుంటే అనుకోనివ్వండి. రావాల్సినవాళ్లు వేరే ఉన్నారు. ఏడాది రెండేళ్లలో కాన్పయిన స్నేహితురాలో, బంధువుల అమ్మాయో, "నేనూ బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను" అని చెప్పగలిగిన మనిషి. అలాంటి ఒకరు వారానికోసారి వచ్చి గంటసేపు కూర్చున్నా తేడా కనబడుతుంది. ఇది కబుర్లకు చెబుతున్నది కాదు. పాకిస్తాన్ పల్లెల్లో గర్భంతోనే డిప్రెషన్‌లో ఉన్న తల్లుల ఇళ్లకు మామూలు ఆరోగ్య కార్యకర్తలను, అంటే మానసిక వైద్యులు కానివాళ్లను, శిక్షణ ఇచ్చి క్రమం తప్పకుండా పంపారు. వాళ్లు చేసింది వినడం, మనసును కుంగదీసే ఆలోచనలను మెల్లగా మళ్లించడం, ఇంట్లోవాళ్లను కలుపుకోవడం. బిడ్డకు ఆరు నెలలొచ్చేసరికి ఆ తల్లుల్లో డిప్రెషన్ మిగిలింది 23 శాతం మందికి. ఆ శిక్షణ లేని కార్యకర్తలు వెళ్లిన తల్లుల్లో 53 శాతం మందికి. 2008లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని అందరికీ పనికొచ్చేలా పుస్తకంగా తెచ్చింది.

తల్లి పోయిందని మీరు ఒక్క ముక్కలో రాసి ముందుకెళ్లిపోయారు. ఈ 7 వారాల్లో ఆ అమ్మాయి వాళ్లమ్మను ఎన్నిసార్లు తలుచుకుని ఉంటుందో! "మీ అమ్మ ఉంటే ఏం చేసేదో చెప్పు" అని ఒకసారి అడిగి చూడండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆవిడ స్థానంలోకి వెళ్లాలని ప్రయత్నించకండి, ఆవిడ గురించి వింటే చాలు.

డాక్టరు విషయంలో మీ అబ్బాయి భయం తీర్చడం తేలికే. మొదట కాన్పు చేసిన డాక్టరు దగ్గరికే వెళ్లండి, కాన్పయిన తల్లి అక్కడికి వెళ్లడంలో ఎవరికీ వింత కనిపించదు. గడిచిన 7 రోజులు ఎలా గడిచాయో పది ప్రశ్నలు అడుగుతారు. ఎడిన్‌బరో స్కేల్ అంటారు, 1987 నుంచి వాడుకలో ఉంది. 30కి 13 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే సాధారణంగా మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. ఎంత వచ్చినా, తనకు తాను హాని చేసుకోవడం గురించిన పదో ప్రశ్నకు ఏమాత్రం అవునన్నా వదిలిపెట్టరు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు కూడా చేయించమనండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా చేస్తే అచ్చం ఇలాగే నీరసం, దిగులు కనిపిస్తాయి.

తేలికపాటి డిప్రెషన్ అయితే కౌన్సెలింగే సరిపోవచ్చు. మందు రాస్తే పాలు మాన్పించాలేమోనని మీరు కంగారు పడతారు. పాలిచ్చే తల్లులకు తరచుగా ఇచ్చే సెర్ట్రలిన్ లాంటివి పాలలోకి చాలా కొద్దిగానే చేరతాయి. పాలిస్తోందని డాక్టరుకు ముందే చెప్పండి, మందు దానికి తగ్గట్టే ఎంచుతారు. మందు గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా "ఏం లాభం లేదు" అని మీ ఇంట్లో ఎవరూ అనకూడదు. తేరుకున్నాక కూడా సాధారణంగా మరో ఆరు నెలలు వాడమంటారు, సొంతంగా ఆపేయవద్దు.

డాక్టరు గదిలో చెప్పాల్సినవి మీరు చెప్పాక, పాపను తీసుకుని మీరూ మీ అబ్బాయీ కాసేపు బయటికి వచ్చేయండి. అత్తగారి ముందు చెప్పలేనివి ఆమెకు కొన్ని ఉంటాయి. కొన్ని మీ గురించే ఉండవచ్చు. ఏం చెప్పావని తర్వాత అడగకండి.